కొబ్బరి పాలు ఉగ్గుగిన్నెలోకి సరే, పాలసీసాలోకి వద్దు

చేతిఫోనులలో కొంతకాలంగా తిరుగుతున్న ఒక సలహాను గురించి ఈసారి కాస్త కటువుగానే మాట్లాడవలసి వస్తున్నది. “తల్లికి పాలు చాలడం లేదా? డబ్బాపాలు విషం, గేదెపాలు కఫం. కొబ్బరి కోరి, పిండి, నీళ్ళు కలిపి పట్టండి. తల్లిపాలలో ఉండే లారిక్ ఆమ్లమే అందులోనూ ఉంది. ఇది ప్రకృతి ఇచ్చిన రెండో తల్లిపాలు” అని ఆ సలహా సారాంశం. చెప్పేవారి కంఠం మృదువుగా ఉంటుంది, వెనుక పచ్చని తోట కనబడుతుంది, వినేవారికి నమ్మకం కలుగుతుంది. మన ప్రాంతంలో ఆ నమ్మకం తేలికగానే కలుగుతుంది. అవనిగడ్డ నుంచి నాగాయలంక, కోడూరు దాకా ఏ పెరటిలో చూసినా కొబ్బరిచెట్టు ఉంటుంది. కాయకు డబ్బు పెట్టనక్కరలేదు. గుడివాడ, బందరు పట్టణాలలో అయితే అదే సరుకు అట్టపెట్టెలో, ఖరీదైన ‘ఆరోగ్యాహారం’గా దుకాణానికి వచ్చింది. పేదవాడికి ఉచితంగానూ, ధనవంతుడికి నాగరికంగానూ కనిపించే సలహా కంటె వేగంగా వ్యాపించేది మరొకటి లేదు.

కొబ్బరికి నేను శత్రువును కాను. ఎక్కడ వాడవచ్చునో కూడా చెబుతాను. ముందు ఆ ‘పాలు’ అన్న మాట సంగతి తేల్చుకుందాం.

మన భాషలో తెల్లగా, చిక్కగా కారేదంతా పాలే. జిల్లేడు పాలు, మర్రి పాలు, రబ్బరు పాలు అంటాము. అంతమాత్రాన జిల్లేడు పాలను ఎవరూ బిడ్డ నోట పోయరు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అనుకునే లోకం, కొబ్బరిచెట్టు కింద దొరికినదాన్ని మాత్రం నిజంగానే పాలని నమ్మింది. చట్టం కూడా ఇక్కడ మనకు సాయపడలేదు. మొక్కల నుంచి తీసిన పానీయాలను ‘పాలు’ అన్న పేరుతో అమ్మవద్దని 2021లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ వ్యాపారులకు ఆదేశం ఇచ్చింది. అయితే కొబ్బరి పాలు అనాదిగా వాడుకలో ఉన్న పేరు గనుక దానికి మినహాయింపు దక్కింది. వంటింటి వాడుకకు ఆ మినహాయింపు న్యాయమే. ఉయ్యాల దగ్గరకు వచ్చేసరికి ఆ పేరే మోసం చేస్తున్నది.

ఇక లెక్క. చిన్నదే, ఓపికగా చదవండి. 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 1 గ్రాము మాంసకృత్తులు, 4 గ్రాముల కొవ్వు, 7 గ్రాముల పాలచక్కెర, 30 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. కొబ్బరి నుంచి మొదటిసారి పిండిన 100 మిల్లీలీటర్ల చిక్కటి పాలలో సుమారు 24 గ్రాముల కొవ్వు, 2 గ్రాములకు కాస్త పైగా మాంసకృత్తులు, 16 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. అంత కొవ్వును పసికడుపు భరించలేదు గనుక ఎవరైనా నీళ్ళు కలపవలసిందే. కొవ్వు తల్లిపాలతో సమానమయ్యే వరకు, అంటే ఆరింతలు అయ్యేలా నీళ్ళు పోశారనుకోండి. మాంసకృత్తులు 0.4 గ్రాముకు, కాల్షియం 3 మిల్లీగ్రాములకు పడిపోతాయి. పాలచక్కెర మొదటి నుంచీ లేదు. బి12 విటమిన్ లేదు, డి విటమిన్ లేదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఈ పలుచని ద్రవాన్ని రోజుకు ముప్పావు లీటరు పట్టినా దక్కేది 3 గ్రాములే. బిడ్డ కడుపు నిండుతుంది, ఏడుపు ఆగుతుంది, నిద్రపోతాడు. “చూశారా, ఎంత హాయిగా ఉన్నాడో” అంటారు. ఒంటికి కావలసినది మాత్రం అందదు.

లారిక్ ఆమ్లం మాట అబద్ధం కాదు, అర్ధసత్యం. తల్లిపాల కొవ్వులో ఆ ఆమ్లం నూటికి ఐదారు పాళ్ళు ఉంటుంది. అది తల్లి తినే తిండిని బట్టి కొంత మారుతుంది. కొబ్బరి కొవ్వులో అది ఇంచుమించు సగం. ఒక పాలు ఉన్నచోట పది పాళ్ళు పోసి ‘రెండూ ఒకటే’ అనడం ఏ శాస్త్రమో నాకు తెలియదు. బిడ్డ మెదడుకు, కంటికి అవసరమైన ఒమేగా-3 జాతి కొవ్వులు తల్లిపాలలో ఉన్నాయి, కొబ్బరిలో దాదాపు శూన్యం. ‘మెదడు పెరుగుతుంది’ అని ప్రచారం చేసేవారు ఈ సంగతి ఎందుకు చెప్పరో వారే చెప్పాలి.

ఇలా పెరిగిన బిడ్డకు ఏమవుతుందో వైద్యలోకానికి కొత్త కాదు. నేటి ఘనాదేశంలో పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1930లలో ఒక వ్యాధిని వర్ణించి, అక్కడి గా జాతివారు పిలిచే పేరుతోనే ‘క్వాషియోర్కర్’ అని లోకానికి పరిచయం చేశారు. పిండిపదార్థంతో కడుపు నిండుతున్నా మాంసకృత్తులు అందని పిల్లల జబ్బు అది. తరువాత ఆమె సింగపూర్‌లో పనిచేస్తూ, తీపి కలిపిన డబ్బాపాలను తల్లిపాలకు బదులుగా అంటగడుతున్న వ్యాపారం మీద 1939లో ‘పాలు, హత్య’ అన్న అర్థం వచ్చే శీర్షికతో ప్రసంగించారు. అంత మాట ఎందుకన్నదంటే, తప్పుడు పాలతో పోయిన పిల్లలను ఆమె కళ్ళారా చూసింది. ఇదంతా గతించిన కాలపు కథ అనుకుంటున్నారా? బెల్జియంలో 2014లో ఏడు నెలల పసివాడు ఐదు కిలోల బరువైనా లేకుండా మరణించాడు. అతనికి పట్టినవి ఓట్లు, బియ్యం, క్వినోవా వంటి ధాన్యాల ‘పాలు’. తల్లిదండ్రులు ఆరోగ్యాహారాల దుకాణం నడిపేవారు. 2017లో న్యాయస్థానం వారిని దోషులని తేల్చింది. పేదరికం వల్ల గాని, ప్రేమ లేక గాని వారు ఆ పని చేయలేదు. ఆ ‘పాలు’ మంచివని నమ్మి చేశారు.

“మా అమ్మమ్మల కాలంలో వాడలేదా?” అని అడుగుతారు. వాడారు, కొబ్బరన్నంలో, కూరలో, పిండివంటలో వాడారు. నేను ప్రభుత్వ వైద్యునిగా దివిసీమ పల్లెలలో తిరిగిన రోజులలో అన్నప్రాశన అయిన బిడ్డకు ఉగ్గుగిన్నెతో పెట్టినది వేయించి విసిరిన బియ్యం, పెసరపప్పుల ఉగ్గు. అందులో చుక్క నెయ్యి. రొమ్ముపాలు మాన్పించి కొబ్బరి పాలు పట్టిన అమ్మమ్మను నేనైతే చూడలేదు. ఆరో నెలలో అన్నప్రాశన చేయడమన్న ఆచారమూ, ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప నీరైనా వద్దన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటా ఇంచుమించు ఒకచోటే కలుస్తున్నాయి. పేరు సంప్రదాయానిది, పని మాత్రం నిన్నటి వీడియోది.

మరి కొబ్బరి పాలు ఎక్కడ పనికివస్తాయి? ఆరు నెలలు నిండాక, ఉగ్గులో. పసిబిడ్డ పొట్ట గుప్పెడంతే. కొద్ది తిండిలో ఎక్కువ శక్తి ఉండాలి. మెత్తగా ఉడికించి మెదిపిన పప్పన్నంలో ఒకటి రెండు చెంచాల చిక్కటి కొబ్బరి పాలు కలిపితే రుచి, శక్తి రెండూ పెరుగుతాయి. నెయ్యి చేసే పనే ఇదీ చేస్తుంది. మొదటిసారి పెట్టినప్పుడు రెండు మూడు రోజులు మరో కొత్త పదార్థం పెట్టకుండా గమనించండి. అప్పటికప్పుడు తీసినవే వాడండి. మన తీరపు ఉక్కలో కొబ్బరి పాలు పూట గడవకుండానే పులుస్తాయి. చక్కెర, ఉప్పు వద్దు. తేనె అసలే వద్దు. ఆ వీడియోలలో ‘కొబ్బరి పాలలో తేనె’ అని కూడా వింటున్నాను. ఏడాది లోపు బిడ్డకు తేనె వల్ల బొట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధి రాగలదు. వరి కోసిన చేలలోనే మినుము, పెసర పండే నేల మనది. గుడ్డు, ముళ్ళు తీసిన చేప, చక్కెరకేళి అరటిపండు అందుబాటులో ఉన్నవి. మాంసకృత్తులు వీటి నుంచి రావాలి గాని కొబ్బరి నుంచి రావు.

ఇంతవరకు ప్రచారకులను తిట్టాను. ఇక మనవాళ్ళ వంతు. ‘పాలు చాలడం లేదు’ అన్న మాటను నా వృత్తిలోని వారే ఎంతమంది పరీక్షించకుండా ఒప్పుకోవడం లేదు? బిడ్డ రోజుకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తూ, నెలనెలా బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్లే. ఆ నాలుగు మాటలు చెప్పే ఓపిక లేక డబ్బా పేరు రాసి ఇస్తారు. ఆ డబ్బా ధర భరించలేని ఇంట మొదట డబ్బాపాలు పలుచబడతాయి, తరువాత కొబ్బరి పాలు వస్తాయి. మరొక సంగతి. ఉద్యోగినికి 2017 చట్టసవరణ 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది. నాట్లకు, చేపల చెరువుల పనికి వెళ్ళే తల్లికి ఏ సెలవూ లేదు. ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు వస్తాయి. ఆ డబ్బుతో ఆరు నెలలు ఇంట కూర్చోగల కూలితల్లి ఎక్కడ ఉన్నది? ఆమె వెళుతూ పిండి ఉంచిన తన పాలు మూతపెట్టిన శుభ్రమైన గిన్నెలో, చల్లనిచోట నాలుగు గంటలు నిలుస్తాయి. వాటిని చెంచాతో పట్టవచ్చు. ఈ మాట ఆమెకు ఎవరు చెప్పారు? చెప్పనిది మనం. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నది ఆ వీడియో.

ఆ వీడియోలు చేసేవారికీ, కింద సీసాలు అమ్మేవారికీ ఒక చట్టం గుర్తుచేస్తాను. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, 2003 సవరణ తరువాత, డబ్బాపొడులకు మాత్రమే పరిమితం కాదు. రెండేళ్ళలోపు పిల్లలకు తల్లిపాలకు బదులని, పూర్తిగా గాని పాక్షికంగా గాని, చెప్పి అమ్మే ఏ ఆహారమైనా దాని పరిధిలోకి వస్తుంది. దాని ప్రచారం నేరం. ‘ప్రకృతి’ అన్న మాటకు అందులో మినహాయింపు లేదు.

నిజంగానే తల్లిపాలు అందని బిడ్డ మీ ఇంట ఉంటే, ఆరు నెలలలోపు వైద్యుని సలహాపై తగిన పాళ్ళలో కలిపిన డబ్బాపాలే ఇవ్వాలి. ఆరు నెలలు దాటితే అవి గాని, కాచిన ఆవుపాలు లేక గేదెపాలు గాని, గిన్నె, చెంచాలతో ఇవ్వండి. ఇప్పటికే కొబ్బరి పాల మీద పెరుగుతున్న బిడ్డ ఉంటే ఈరోజే అంగన్‌వాడీలో తూయించండి. బొద్దుగా ఉన్నాడని మురిసిపోవద్దు. పాదం పైభాగాన బొటనవేలితో కొన్ని క్షణాలు నొక్కి తీయండి. గుంట పడి అలాగే నిలిస్తే అది బొద్దు కాదు, నీరు. జుట్టు పలచబడి ఎర్రబారినా, ఆడుకునే బిడ్డ ముభావంగా మారినా మరునాటికి ఆగకుండా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఏమి పట్టారో వైద్యునికి దాచకుండా చెప్పండి.