మా ప్రేమకథకి శవం కావాలా?

నేను మాదిగదాన్ని. నేను రాసిన మొదటి పుస్తకం ప్రేమ నవల. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే చాలామందికి మింగుడు పడటం లేదు. మేం ఆకలి గురించి రాస్తే కళ్లు తుడుచుకుంటారు. అత్యాచారం గురించి రాస్తే సభ పెడతారు. ప్రేమ గురించి రాస్తే మాత్రం 'నీకెందుకమ్మా ఇది?' అంటారు. ఎందుకంటే ఏంది? మా గుండెలేమన్నా రాళ్లా?

నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకున్నాను. అక్కడ అట్టలూడిన నవలలు ఒక ట్రంకుపెట్టెలోంచి ఇంకో ట్రంకుపెట్టెలోకి తిరిగేవి. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'ని వంతులేసుకుని చదివాం. ఆ నవలల్ని నేను తిట్టను. ఆడపిల్ల ఆత్మాభిమానం ముందు కారున్న మగాడైనా తగ్గాల్సిందేనని మాకు చెప్పింది అవే. కానీ ఆ మేడల్లో మేం యాడున్నాం? అంట్లు తోమి పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోయే మనిషి మా అమ్మే గదా! ఆమె ఇంటికి పోయాక ఏం జరిగిందో రాసినోళ్లు లేరు.

ఏం జరిగేదో నేను చూశాను. గుంటూరు సీమలో మా అమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయేది. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. పొద్దుగూకేసరికి చేతులు నిప్పులు. ఆ చేతులతో కళ్లు తుడుచుకోవడానికి లేదు, పసిబిడ్డ బుగ్గ నిమరడానికి లేదు. మా నాయన మజ్జిగ గిన్నె తెచ్చి ఆమె చేతులు అందులో ముంచి, తర్వాత ఒక్కో వేలికీ కొబ్బరినూనె రాసేవాడు. నోరు తెరిచి ఒక్క ముద్దు మాట అనేవాడు కాదు. నాకు తెలిసిన మొదటి ప్రేమకథ అదే. నా నవల పుట్టింది ఆ మజ్జిగ గిన్నెలోంచే.

నా నవలలో నాయిక తొడిమలు తీసే మాదిగ పిల్ల. నాయకుడు పొలాల్లో మోటార్లు బాగుచేసే మాల పిల్లోడు. పోట్లాడుకుంటారు, అలుగుతారు, రెండు పల్లెల పెద్దల్నీ ఎదిరిస్తారు, కాపురం పెడతారు. ఆఖర్లో ఇద్దరూ బతికే వుంటారు. నేను చేసిన నేరం ఇదే!

ఒక వారపత్రిక సంపాదకుడు చదివి, 'ఇద్దరూ ఎస్సీలే గదమ్మా, ఇంక సంఘర్షణ ఎక్కడుంది? అబ్బాయిని పెద్ద కులం వాణ్ణి చెయ్యండి' అన్నారు. మాలపల్లెకీ మాదిగపల్లెకీ మధ్యనున్న గోడ ఆయనకి కనపడలేదు. మేడ మీంచి చూసేవాళ్లకి రెండు పల్లెలూ ఒకటే మురికిగా కనపడతాయి మరి. ఆయన అడిగింది కొత్తదేం కాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల'లో కాంచనమాల దళిత యువతి, ఆమెను ప్రేమించేవాడు బ్రాహ్మణ యువకుడు. ఆ రోజుల్లో అది సాహసమే, కాదనను. కానీ ఎనభై ఏళ్లు దాటినా మా పిల్లని ప్రేమించడానికి పైనుంచే ఒకడు దిగిరావాలా? మా పిల్లని మావాడు ప్రేమిస్తే కథ కాదా?

ఇంకో ప్రచురణ సంస్థ వాళ్లు మరో అడుగు ముందుకేశారు. 'భాష బాగుంది. ఆఖర్లో ఇద్దరిలో ఒకరిని చంపెయ్యండి, నవలకి బలం వస్తుంది' అన్నారు. అయ్యా, చంపడానికి నవలే కావాలా? 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న దళిత యువకుణ్ణి, కడుపుతో వున్న భార్య కళ్లముందే నరికేశారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకడికి ఉరి, మిగతా ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ కత్తి చెప్పిందేంటి? నీకు ప్రేమించే హక్కు లేదని. నా పుస్తకంలో కూడా చంపమనేవాళ్లు ఆ తీర్పునే ఇంకోసారి రాయిస్తన్నారు. మీ కథల్లో పప్పన్నాలు, మా కథల్లో పోస్టుమార్టాలా? హత్యల గురించి రాయొద్దని కాదు. తేదీలతో సహా రాయాలి. కానీ చచ్చినప్పుడే మమ్మల్ని మనుషులుగా చూసే సాహిత్యం మాకొద్దు.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 'ఉద్యమం నడుస్తుంటే ప్రేమలేందక్కా? అందునా మాల మాదిగ ప్రేమ!' అన్నాడొక తమ్ముడు. 1994లో దండోరా మోగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. మా వాటా మేం అడుగుతాం, తీసుకుంటాం. వాటా అడిగినంత మాత్రాన వలపు అడక్కూడదా? రెండూ హక్కులే.

తమ్ముడూ, బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో కులాంతర వివాహమే అసలైన మందని చెప్పాడు. ఆ మందు చట్టం ఒక్కటే తయారు చేస్తదా? 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజులు నోటీసు అంటిస్తారు. కత్తి నూరేవాడికి ఆ గడువు చాలు. ఆ 30 రోజులు నిలబడే గుండె ప్రేమ నుంచి తప్ప ఎక్కణ్ణుంచి వస్తుంది? 1935లో కన్నుమూసిన రమాబాయి జ్ఞాపకానికి ఆయన తన పాకిస్తాన్ పుస్తకాన్ని అంకితమిచ్చాడు. దేశ విభజన లెక్కలు కట్టిన పుస్తకం ముందు పేజీలో భార్య ముద్దుపేరు రాసుకున్న మనిషి మన నాయకుడు. ప్రేమ ఉద్యమానికి అడ్డమని మీకెవరు చెప్పారు?

ఆఖరికి చీటీ పాడుకుని, ఆ డబ్బుతో విజయవాడలో 500 కాపీలు అచ్చేయించాను. ప్రూఫులు నేనే దిద్దుకున్నాను. అట్ట మీద నాయికని తెల్లగా వేస్తే రెండుసార్లు బొమ్మ వెనక్కి పంపాను. మూడోసారి ఆమె మా అమ్మ రంగులోకొచ్చింది. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి సభ బయట గోనెపట్టా పరిచి అమ్మకానికి కూచున్నాను. తొడిమల కూలికి పోయే ఒక పెద్దామె వచ్చి పుస్తకం అటూ ఇటూ తిప్పింది. ధర అడగలేదు.

'పిల్లా, ఆఖర్లో ఇద్దరూ బతికే వుంటారా?'

'వుంటారత్తా.'

'అయితే ఇయ్యి. నా మనవరాలితో చదివించుకుంటా.'

సంఘర్షణ ఎక్కడుందని అడిగిన పెద్దలారా, ఆమె అడిగిన ప్రశ్నలోనే వుంది. ఈ దేశంలో మా జంట బతికి బట్టకట్టడాన్ని మించిన సంఘర్షణ ఇంకేముంది?

రాసే చెల్లెళ్లారా, తమ్ముళ్లారా! మన గాయాలు రాద్దాం, ఆ గాయానికి నూనె రాసిన చెయ్యిని కూడా రాద్దాం. ఇక మా చావులకొచ్చి కన్నీళ్లు పెట్టే పెద్దలందరికీ ఒకటే మాట. ఈసారి మా పెళ్లికి రండి. మా పల్లెలో, మా బంతిలో కూచుని, మావాళ్లు వండింది తినండి. అప్పుడు మీ కన్నీళ్లు నమ్ముతాం.