దూకినవాడిదా తప్పు, తరిమినవాడిదా?

రాయ్‌పూర్‌లో మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఓటీటీ పెడితే పిల్లలు అడిగేది ఒకే రకం సినిమా. వెనక హంతకుడు, ముందు ప్రాణభయంతో పరుగు, రెండున్నర గంటల్లో ముగింపు. నాకూ ఇష్టమే, అబద్ధం ఎందుకు? పారిపోయేవాళ్లు ఎవరో, ఏ కులమో అడగకుండా వాళ్ల పక్షాన నిలబడతాం. వాళ్లు ఊపిరి బిగబడితే మనమూ బిగబడతాం. ఆ కాసేపు మనలో న్యాయబుద్ధి మేల్కొంటుంది. సినిమా అయ్యాక అది ఎక్కడికి పోతోందన్నదే నా బాధ.

రాయ్‌పూర్ జిల్లాలోనే ఆరంగ్ ఉంది. 2024 జూన్ 7 తెల్లవారుజామున, గేదెలను తీసుకెళ్తున్న ఒక లారీని గోరక్షకులమని చెప్పుకునేవాళ్లు కార్లలో వెంటాడారు. లారీలో ఉన్నవాళ్లు ఉత్తరప్రదేశ్ నుంచి పొట్టకూటి కోసం వచ్చిన ముగ్గురు ముస్లిం యువకులు. యాభై కిలోమీటర్లకు పైగా తరిమారనీ, టైర్లు పేలేలా మేకులు దిగేసిన చెక్కలు విసిరారనీ పోలీసుల అభియోగపత్రమే చెప్పింది. మహానది వంతెన దగ్గర ఆ పరుగు ఆగింది. ఇద్దరు ఆ రోజే చనిపోయారు. మూడోవాడు కొన్ని రోజులు ఆసుపత్రిలో కొట్టుమిట్టాడి పోయాడు.

కొట్టి చంపారని కుటుంబాలు అన్నాయి. ఫోన్‌లో ఆర్తనాదాలు విన్నామని బంధువులు చెప్పారు. అభియోగపత్రం మాత్రం వాళ్లు భయంతో వంతెన మీంచి దూకారంది. అందుకే హత్య కేసు కాకుండా, హత్య కిందికి రాని నరహత్య కేసు పెట్టారు.

సరే, దూకారనే అనుకుందాం. సినిమాలో సైకో నుంచి తప్పించుకోబోయి హీరోయిన్ కొండ మీంచి పడి చనిపోతే, చంపిందెవరో మా ఇంట్లో చిన్నపిల్లవాడు కూడా చెప్తాడు. ఆమె తనంతట తానే దూకిందని వాదించేవాడు హాల్లో ఒక్కడూ ఉండడు. అదే ప్రేక్షకుడు ఆరంగ్ వార్త చదివి, "అర్ధరాత్రి గేదెలతో వాళ్లకు అక్కడేం పని?" అంటాడు. ఎందుకీ తేడా?

ఎందుకంటే మన థ్రిల్లర్లలో హంతకుడు దాదాపు ఎప్పుడూ ఒంటరివాడు. 'రాక్షసుడు' (2019)లో బడిలో అవమానాలు పడి సైకోగా మారినవాడు. అతనికి కులం అండ లేదు, సంఘం లేదు, వెనక నాయకుడు లేడు. అతన్ని మట్టుబెడితే సమాజం నిర్దోషి. మంది కలిసి, ధర్మం పేరు చెప్పి తరిమితే మాత్రం మనకు హంతకుడే కనబడడు.

మన తెలుగు నేల మీద చుండూరు జరిగింది. 1991 ఆగస్టు 6న అగ్రకులాల మూక దళితులను పొలాల్లోకి తరిమి వేటాడింది. ఎనిమిది మందిని నరికి, శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేసింది. పోలీసులు ఊళ్లో ఉండగానే ఇది జరిగింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు శిక్ష పడినవాళ్లందరినీ నిర్దోషులంది. థ్రిల్లర్‌లో పోలీసు సైరన్ వినబడితే గండం గడిచినట్టే. చుండూరులో అప్పటికే పోలీసులున్నారు.

బాబాసాహెబ్ కూడా ఈ భయం ఎరిగినవాడే. 1917లో బరోడా ఉద్యోగంలో చేరినప్పుడు ఉండటానికి ఇల్లు దొరక్క, పార్సీ సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకున్నారు. పదకొండో రోజు డజను మంది కర్రలతో మేడెక్కి వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఆయన ఒక హిందూ మిత్రుణ్ణి, ఒక క్రైస్తవ మిత్రుణ్ణి ఆశ్రయమడిగారు. ఇద్దరూ తప్పుకున్నారు. తోటలో గంటలకొద్దీ కూర్చుని రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. కర్రలు పట్టినవాళ్లతో పాటు తలుపు తెరవని ఆ మిత్రులనూ ఆయన తన జ్ఞాపకాల్లో రాశారు.

వినోదంలోకి కులాన్ని లాగితే ఉత్కంఠ చస్తుందని కొందరంటారు. 'అసురన్' చూడండి, దాన్ని తెలుగులో తీసిన 'నారప్ప' చూడండి. తండ్రీ కొడుకులు అడవిలో పారిపోతుంటే వెనక తరిమేది భూమి, కులం, డబ్బు. ఒక్క క్షణమైనా పట్టు సడలిందా? తరిమేవాడి పేరు చెబితే భయం తగ్గదు. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది.

మా పిల్లల్ని ఈ సినిమాలు మానమని నేను చెప్పను. ఈమధ్య చూడటం అయ్యాక ఒక ప్రశ్న మాత్రం వేస్తున్నాను: తరిమినవాళ్లు పదిమంది అయితే, వాళ్లు మన వీధివాళ్లే అయితే, అప్పుడు ఎవరి పక్షం? మొన్న పెద్దవాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆరంగ్ వంతెన మనకు ఎంత దూరమని అడిగాడు.