నందనూరు నుంచి న్యూయార్క్ దాకా

కడపలోని డా. వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,

దువ్వూరులో బస్సెక్కి మైదుకూరు మీదుగా కడప చేరే పిల్లల్లో చిత్రకారులయ్యే జంట ఏదో, రేపు విదేశం పోదామా వద్దా అని తర్జనభర్జన పడొచ్చు. ఆ జంటకు ముద్రణ చిత్రకారుడు కృష్ణారెడ్డి తెలిసి ఉండాలి.

1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన ఆయన శాంతినికేతన్‌లో చదివి, లండన్ మీదుగా పారిస్ చేరారు. అక్కడ హేటర్ నడిపిన ముద్రణ కార్యశాల అటెలియే 17లో విస్కాసిటీ ముద్రణకు రూపమిచ్చినవాళ్లలో ఆయన ముఖ్యులు. పలక ఒక్కటే. సిరాల్లో నూనె పాళ్లు వేరు, రోలర్లలో మెత్తనివీ గట్టివీ వేరు. ఒక సిరా పక్కదాన్ని అంటనివ్వదు కాబట్టి ఒకే అచ్చులో రంగులన్నీ దిగుతాయి. చెప్పడం తేలికే, చేయాలంటే చెయ్యి తిరగాలి!

1972లో పద్మశ్రీ వచ్చింది. ఆ దశాబ్దంలోనే ఆయన, చిత్రకారిణి అయిన భార్య జూడీ బ్లమ్ న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. 2018లో ఆయన అక్కడే కన్నుమూశారు.

ఉపకులపతి గారూ, ఆయన అచ్చులు కొన్ని తెప్పించి కడపలో ప్రదర్శన పెట్టించండి. దువ్వూరు బడిపిల్లలకు ఆ రోజు బస్సు కూడా పంపండి.

దువ్వూరు నుంచి ఒక పాఠకుడు