కళాశాలలో మొదటి కలనగణితమును విడువవచ్చునా?

అమెరికాలో స్థిరపడిన మా పూర్వవిద్యార్థి యొకరు గడచిన వేసవిలో మాకొక జాబు వ్రాసిరి. వారి కుమారుడు అచ్చటి ఉన్నతపాఠశాలలో చదువు ముగించి, ఇంజనీరింగు చదువుటకై కళాశాలలో చేరనుండెను. అతడు కలనగణితమున అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష నిచ్చి, 5కు 5 తెచ్చుకొనెను. (ఈ పరీక్షను అచ్చటివారు పొట్టిగా ఏ.పి. యందురు, మన ఆంధ్రప్రదేశమునకును దీనికిని సంబంధము లేదు.) మొదటి కలనగణితమును విడిచి నేరుగా పై తరగతిలో కూర్చుండవచ్చునని కళాశాలవారు తెలిపిరట. "విడిచినచో రుసుము మిగులును, కాలము మిగులును. వీడేమో జంకుచున్నాడు. మాస్టరుగారూ, తమరేమందురు?" అని తండ్రి ప్రశ్న.

ఈ ప్రశ్న ఆ యొక్క యింటిది మాత్రమే కాదు. మన పాఠశాల విడిచి, ఇంటర్మీడియెట్టులో గణితము చదివి, పట్టమునకై విదేశములకు పోవువారు కొందఱున్నారు. అచ్చటి కళాశాలలు పెక్కు, చేరినవారికొక పరీక్ష పెట్టి, ఏ తరగతిలో కూర్చుండవలయునో నిర్ణయించుచున్నవి. కావున మా యుత్తరమును ఇచ్చటనే ప్రకటించుచున్నాము.

ఈ పరీక్షను కాలేజ్ బోర్డు అను సంస్థ ప్రతి సంవత్సరము మే నెలలో జరుపును. ఎ.బి. యనునది కళాశాలలో నర్ధసంవత్సరపు చదువునకును, బి.సి. యనునది ఇంచుమించు పూర్తి సంవత్సరపు చదువునకును సమానమని యెంచుదురు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీవంటి విద్యాలయమే బి.సి.లో 5 వచ్చినవారికి మొదటి కలనగణితమును చదివినట్లే లెక్కగట్టుచున్నది. అన్ని కళాశాలల నియమమొకటి కాదు. వైద్యకళాశాలలలో కొన్ని యీ మినహాయింపును అంగీకరింపవు. ఆ నియమములను చదువక తొందరపడరాదు.

ఇక మార్కుల మాట. 2023, 2024 సంవత్సరములలో బి.సి. పరీక్ష వ్రాసినవారిలో నూటికి నలువదిమందికి పైగా 5 పొందిరి. అంతమందిలో విషయమును గ్రహించినవారును గలరు, అభ్యాసబలముచే నెగ్గినవారును గలరు. మన దేశమువారికి దీనిని విశదీకరింప నక్కఱలేదు. సైను యొక్క అవకలజము కొసైను అని మన పిల్లలు నిద్రలో లేపి యడిగినను చెప్పుదురు. కోణమును రేడియనులలో కొలిచిననే గాని ఆ సూత్రము నిలువదని యెఱిగినవారెందఱు? డిగ్రీలలో కొలిచినచో ముందొక గుణకము వచ్చి చేరును.

మేము పలుమాఱు ఒక చిన్న లెక్క యిచ్చి పరీక్షించితిమి. ఒకటిని చరరాశియొక్క వర్గముచే భాగించిన ప్రమేయమును −1 మొదలు 1 వఱకు సమాకలనము చేయుడని చెప్పితిమి. సూత్రము ననుసరించినచో −2 వచ్చును. పెక్కుమంది −2 అని వ్రాసి, క్రింద రెండు గీతలు గీచి, కలము మూసిరి. ఆ ప్రమేయము ఎచ్చటను ఋణాత్మకము కాదే! దాని రేఖ యంతయు అక్షమునకు పైననే యుండగా, దాని క్రింది వైశాల్యము ఋణసంఖ్య యెట్లగును? సున్నయొద్ద ఆ ప్రమేయము మేర మీఱి పెరుగును. సూత్రము వర్తించుటకు వలసిన నిబంధన అచ్చట చెడినది. ఈ −2ను జూచి యులికిపడినవాడు పై తరగతికి పోవచ్చును. సంతృప్తి చెందినవాడు పోరాదు. విద్యార్థిదశలో మేమును −2 అనియే వ్రాసితిమని యొప్పుకొనుచున్నాము.

రుసుము సంగతి తండ్రులకు ముఖ్యము, దానిని మేము తేలికగా జూచుటలేదు. కాని అచ్చటి పెక్కు కళాశాలలలో పూర్తికాల విద్యార్థి ఒక తరగతి తక్కువ చదివినను ఆ కాలపు రుసుము తగ్గదు. అట్టిచోట మొత్తము చదువు ముందుగా ముగిసిననే గాని ధనము మిగులదు. పై తరగతిలో తప్పి మరల చదివినచో ఖర్చు రెట్టింపగును.

అట్లని తెలిసినదానినే మరల వినుచు కూర్చుండుటయు క్షేమము కాదు. మొదటి నెల యంతయు "ఇది నాకు వచ్చును" అని చేతులు కట్టుకొని కూర్చుండినవాడు, అనంతశ్రేణులు వచ్చునప్పటికి వ్రాయు నలవాటునే పోగొట్టుకొనును. అట్టివారిని మేమెఱుగుదుము. పై తరగతి కష్టము వేఱు. అచ్చట చరరాశులు రెండు మూడగును. ఒక లెక్కలోనే రెండుమాఱులు సమాకలనము చేయవలసి వచ్చును. క్రింది పద్ధతులు చేతికి వచ్చియుండవలెను గాని, పుస్తకము త్రిప్పి వెదకుకొనుటకు తీఱిక యుండదు. ఇంటికి దూరమై, కొత్త భోజనమునకు అలవాటుపడుచు, భౌతికశాస్త్రముతోబాటు దీనిని మోయవలసినది పదునెనిమిదేండ్ల పిల్లవాడు.

కావున ఆ తండ్రిగారికి మేమిట్లు వ్రాసితిమి: "చిరంజీవి విడువదలచిన తరగతియొక్క చివరి పరీక్షాపత్రమును సంపాదింపుడు. దొరకనిచో, పైన జెప్పిన మసాచుసెట్స్ విద్యాలయమువారు తమ పాత ప్రశ్నపత్రములను ఉత్తరములతో సహా అంతర్జాలమున ఉచితముగా నుంచియున్నారు. పునశ్చరణ చేయనీయక, పుస్తకము లేకుండ, మూడు గంటలు కూర్చుండబెట్టుడు. అయిదింట నాలుగుపాళ్లు వచ్చినచో నిశ్చింతగా పంపుడు. సగమే వచ్చినచో మొదటి తరగతిలో కూర్చుండనిండు. నడుమ వచ్చినచో అచ్చటి ఆచార్యులనే యడిగి, తరగతి మార్చుకొనుటకు గడువెప్పటివఱకో ముందే తెలిసికొనుడు. పత్రమును మీరు గాక వాడే దిద్దుకొనవలెను."

చిరంజీవి ఒక శనివారమునాడు గది తలుపు వేసికొని పత్రము వ్రాసెనట. ఎన్ని వచ్చినవో తండ్రికి చెప్పలేదట. మాకు మాత్రము వాడే రెండు పంక్తులు వ్రాసెను: శ్రేణులలో తాను పూర్తిగా తప్పితిననియు, మొదటి తరగతిలోనే పేరు నమోదు చేయించుకొంటిననియు. తండ్రిగారినుండి మాత్రము ఇంతవఱకు మాకు మఱియొక జాబు రాలేదు.