జుమ్మా రోజు కూలర్‌కీ గుసుల్ చేయించండి

డాలస్‌లో ఉండే మా భాంజా మొన్న ఫోన్ చేశాడు. "మామూ, ఏసీ డక్టులు సాఫ్ చేస్తామని ఎవరో ఇంటికి కాగితం వేసి వెళ్లారు. డక్టుల్లో గర్ద్ పేరుకుంటే పిల్లలకు బీమారీలొస్తాయంట. చేయించమంటారా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "నరసరావుపేటలో ఉండేవాణ్ని నన్నడిగితే ఎట్లారా? మనకున్న డక్టల్లా ఒక కూలరూ, ఒక కిటికీనే కదా" అన్నాను.

ఆ నవ్వు రాత్రి దాకా నిలవలేదు. గర్మీ ముదిరిందని ఆ సాయంత్రమే మూలనున్న కూలర్‌ని లాగి, పైపైన తుడిచి, నీళ్లు పోసి అమ్మీ మంచం పక్కన పెట్టాను. ఇషా తర్వాత అమ్మీకి ఖాన్సీ మొదలైంది. ఫజర్ దాకా ఆగలేదు. అమ్మీకి దమా ఎప్పటినుంచో ఉంది. పొద్దున దవాఖానాలో డాక్టర్ మందు రాయబోతూ ఒక్క మాట అడిగారు: "రాత్రి గదిలో కొత్తగా ఏం పెట్టారు?"

ఇంటికొచ్చి కూలర్ పక్క తలుపులు ఊడదీశాను. పోయినేడాది గడ్డి నల్లగా బూజు పట్టి ఉంది. దానిమీద సున్నం పూసినట్టు తెల్లటి పెచ్చులు. ట్యాంకు అడుగున వేలెడు మందాన బురద, అందులో చచ్చిన బల్లి. రాత్రంతా ఆ గాలినే నేను అమ్మీ మొహం మీదికి తిప్పి పెట్టాను. అల్లా మాఫ్ చేయాలి.

మనం ఉండే ఇలాఖా ఎట్లాంటిదో ఒకసారి ఆలోచించండి. పిడుగురాళ్లలో సున్నం బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి క్వారీలు. లారీ పోయిందంటే గుమ్మం తెల్లబడుతుంది. ఎండాకాలం వస్తే రెంటచింతల పేరు వార్తల్లోకి ఎక్కాల్సిందే. భూమి అడుగున సున్నపురాయి కాబట్టి బోరు నీళ్లు గట్టి నీళ్లు. ఆ నీళ్లు కూలర్లో ఆవిరైపోతే అందులోని సున్నం గడ్డికి అంటుకుంటుంది. గాల్లోని గర్ద్ తడిగడ్డికి చిక్కుకుంటుంది. తడి, మురికి, వెచ్చదనం మూడూ కలిస్తే బూజుకి ఈదే.

ఇక దోమల సంగతి. డెంగీ దోమ మంచి నీళ్లలోనే పెరుగుతుంది, పగలే కుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే ఆరోగ్య శాఖవాళ్లు ఫ్రైడే డ్రైడే అని చెప్తుంటారు. మనలో చాలామంది నీళ్లు పారబోసి అయిపోయిందనుకుంటాం. కానీ ఆ దోమ గుడ్లు నీటిలో కాదు, నీటి అంచుకి కాస్త పైన ట్యాంకు గోడకి అతుక్కుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి పారబొయ్యడం చాలదు, బ్రష్షుతో గోడల్ని రుద్ది కడగాలి.

శుక్రవారమంటే మనకు జుమ్మా. గుసుల్ చేస్తాం, ఉతికిన బట్టలు తొడుక్కుంటాం, అత్తర్ రాసుకుంటాం. అదే పొద్దున కూలర్‌కి అరగంట ఇవ్వలేమా? ముందు ప్లగ్ ఊడదీయండి, ఇది మర్చిపోవద్దు. నీళ్లు వంపేసి, బురద తీసి, గోడలు రుద్దండి. ఎండలో ఆరనివ్వండి. గడ్డి ఏటా కొత్తది వేయండి, హనీకోంబ్ ప్యాడ్లయితే నిమ్మరసమో వెనిగరో కలిపిన నీళ్లలో నానబెట్టి సున్నం వదిలించండి. బ్లీచింగ్ పౌడర్, బాత్రూం యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు. అందులోంచి వచ్చే క్లోరిన్ గాలి ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. కూలర్ నడిచేటప్పుడు ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచండి. లేకపోతే ఆ తేమంతా గదిలోనే నిలిచి గోడలకి బూజు పడుతుంది.

ఏసీ ఉన్నవాళ్లకూ ఇదే చెప్తున్నా. ముందు మూత ఎత్తి జాలీ తీసి పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగితే పైసా ఖర్చు లేదు. అది కడగకుండా గాలి రావట్లేదని మెకానిక్‌ని పిలిచి గ్యాస్ నింపించుకోవడం ఫిజూల్ ఖర్చు.

భాంజాకి కూడా ఫోన్ చేసి చెప్పాను. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఈ విషయంలో సాఫ్‌గానే చెప్పింది: డక్టులు కడిగిస్తే బీమారీలు ఆగుతాయని రుజువు కాలేదు. లోపల బూజు కనబడినా, ఎలుకలో పురుగులో చేరినా, దుమ్ము నిండి గదిలోకి రాలుతున్నా చేయించుకోవాలి. అంతేగానీ భయపడి ప్రతి ఏడూ కాదు. ఫిల్టర్ మాత్రం టైముకి మార్చుకోరా అన్నాను. అక్కడ భయం అమ్ముతున్నారు, ఇక్కడ మనం బేఫికర్‌గా ఉంటున్నాం. రెండూ తప్పే.

వాసనొస్తే మనం చేసే ఇలాజ్ ఏంటి? ఊదు వెయ్యడం, అగర్‌బత్తి వెలిగించడం. నాకూ ఊదు వాసన ఇష్టమే. కానీ దమా మనిషి ఉన్న గదిలో అదీ పొగే. బూజు మీద పొగ కప్పితే బూజు పోదు.

ఇంకో మాట, మర్దులకి. వంటింటి పొగ ఆడవాళ్లదే, ఊడ్చే దుమ్మూ వాళ్లదే. కూలర్ బరువు లాగి కడిగే పనైనా మనం తీసుకుందాం. "నాకు టైం లేదు" అనే మాట ఆ రాత్రి అమ్మీ దగ్గుతుంటే నా గొంతులోనే ఆగిపోయింది.

భాంజా అడిగిన డక్టులు మన దగ్గర అస్సలు లేవా అంటే ఉన్నాయి. మసీదుల్లో, షాదీఖానాల్లో. పెద్ద కూలర్ బయట బిగించి, రేకు డక్టుతో లోపలికి గాలి వదులుతాం. ఆ గాలి కిందే తరావీహ్‌లో మన బుజుర్గులు గంటలు నిలబడతారు. ఇసాలె సవాబ్ నియ్యత్‌తో కొత్త కూలర్ ఇచ్చి, మీద మర్హూమ్ పేరు రాయించేవాళ్లు చాలామంది. దాన్ని ఏటా విప్పి కడిగించడానికి వెయ్యి రూపాయలిచ్చేవాళ్లు ఎవరు? ఆ కడుగుడు మీద ఎవరి పేరూ కనబడదు కాబట్టి ఎవరూ ఇవ్వం. రంజాన్‌కి ముందు గోడలకి రంగులేయించే కమిటీ పెద్దలు ఈసారి ఆ డక్టు మూత కూడా ఒకసారి విప్పించి లోపల చూడండి.

అమ్మీ ఇప్పుడు ఖైరియత్‌గా ఉంది. కూలర్ అదే, గడ్డి కొత్తది. నేను ప్రతి జుమ్మా పొద్దున లుంగీ ఎగ్గట్టి బ్రష్షు పట్టుకుంటున్నాను. పక్కింటి చాచా చూసి నవ్వుతున్నాడు. నవ్వనివ్వండి. పోయిన వారం ఆ బ్రష్షు ఒకసారి ఇవ్వమని అడిగాడు.