జూకి పంపుతున్నాం సరే, పిల్లలు ఏం నేర్చుకొస్తున్నారు?



బడి పిల్లల టూర్లు మొదలయ్యాయి. హైదరాబాద్ నెహ్రూ జూ, విశాఖ జూ, తిరుపతి జూ... తలకింత అని కట్టమంటున్నారు. పిల్లల సరదా కాదనలేక అప్పో సప్పో చేసి కడుతున్నాం. మరి తిరిగొచ్చాక ఏం నేర్చుకున్నావురా అని అడుగుతున్నామా?

అడిగి చూడండి. "పులిని చూశాం, ఐస్‌క్రీం తిన్నాం, బస్సులో డ్యాన్స్ వేశాం" అంటారు. తప్పు పిల్లలది కాదు. నెహ్రూ జూ 380 ఎకరాలు. మిట్టమధ్యాహ్నం దింపి, రెండు గంటల్లో మళ్లీ బస్సెక్కిస్తే ఏం కనబడుద్ది? ఆ ఎండకి జంతువులు కూడా నీడలో పడుకునే ఉంటాయి.

"మన పిల్లలకి జూ ఎందుకు, ఊళ్లో చూడని జీవాలా?" అనేవాళ్లూ ఉన్నారు. చూడటం వేరు, తెలుసుకోవటం వేరు. పాముల సంగతే తీసుకోండి. చేలో ఏ పాము కనబడినా మనకి కర్రే గుర్తొస్తుంది. జూలో అద్దం వెనక ఉంటుంది కాబట్టి పిల్లాడు భయం లేకుండా తేరిపార చూడొచ్చు. జెర్రిపోతుకి విషం లేదు. మన వరి కొరికే ఎలకల్ని తినేది అదే. ఆవు పొదుగు పట్టి పాలు తాగుద్దనే మాట ఉత్తదే. మన దగ్గర ఎక్కువగా ప్రాణం తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. నాలుగింటికీ ఒకటే మందు, అది ఆసుపత్రిలోనే ఉంటుంది. రాత్రి నేల మీద పడుకున్నప్పుడు కట్లపాము కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలియదు. ఏ పామునీ ముట్టుకోకూడదు, కరిస్తే మంత్రం దగ్గరికి కాదు, ఆసుపత్రికే పోవాలి అని పిల్లాడు నేర్చుకొస్తే, ఆ టూరు డబ్బులు ఇంట్లో ఒక ప్రాణం కాపాడినట్టే.

ఇంకొకటి రాబందు. మన చిన్నప్పుడు గొడ్డు చస్తే గుంపులుగా దిగేవి. ఇప్పుడేవి? పశువుల నొప్పికి వేసిన డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలి, అది తిన్న రాబందుల కిడ్నీలు పోయాయి. నూటికి తొంభైకి పైగా పోయాయి. పశువులకి ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు, బదులుగా మెలాక్సికాం ఉంది. నెహ్రూ జూలో రాబందుల సంతతి పెంచే కేంద్రం ఉంది. ఇది పాఠం కాదా? మన కొట్టంలో వేసే సూదికీ, ఆకాశంలో పక్షికీ ఉన్న సంబంధం ఇంతకంటే బాగా ఏ పుస్తకం చెబుద్ది?

అందుకని బడి సార్లను మూడు మాటలు అడుగుదాం. పొద్దున్నే గేటు తీసే వేళకి చేర్చండి. హైదరాబాద్ జూకి సోమవారం సెలవు, అది చూసుకోండి. అన్నీ చూపించొద్దు, ఐదారు చాలు, ఒక్కోదాని దగ్గర బోర్డు చదివించి పావుగంట నిలబెట్టండి. ఒక్కో పిల్లాడికి ఒక్కో జంతువు అప్పగించి, ఏం తింటుంది, ఎక్కడ బతుకుద్ది, మన చేనుకి మేలా కీడా అని రాయించండి.

మనమూ ఓ పని చేయాలి. పిల్లలు వచ్చిన రాత్రి ఫోన్ పక్కన పెట్టి, వాళ్లు చెప్పేది వినాలి. మనకి తెలియంది వాళ్లు చెబితే నామోషీ పడొద్దు. కట్టిన డబ్బుకి అదే అసలు రాబడి.