రంగు మీది... మరి బస్సెవరిది?

బొబ్బిలి ఆర్టీసీ కాంప్లెక్సులో రాజాం బస్సు కోసమో, సాలూరు బస్సు కోసమో నిలబడ్డప్పుడు పక్కనున్న కుర్రాడి సెల్‌ఫోన్‌లోకి ఓసారి తొంగిచూడండి (తప్పేననుకోండి!). అక్కడా ఓ పల్లెవెలుగు పరుగెడుతూ కనిపిస్తే కంగారుపడకండి. ఆ బస్సు తిరిగేది ఇండొనేసియా రోడ్ల మీద!

'బస్ సిమ్యులేటర్ ఇండొనేసియా' అనే ఆట 2017లో వచ్చింది. మాలియో అనే అక్కడి కంపెనీ తయారుచేసింది. కుర్రకారు ముద్దుగా 'బస్సిడ్' అంటారు. ఇందులో ఓ వెసులుబాటు ఉంది. బస్సుకు వేసే రంగుల బొమ్మను మనమే గీసుకుని ఎక్కించుకోవచ్చు. దాన్ని లివరీ అంటారు. అంతటితో తృప్తి చెందనివాళ్లు ఏకంగా బస్సునే కొత్తగా తయారుచేసి పెట్టుకోవచ్చు. అది మోడ్. ఇంకేముంది? మనవాళ్లు పల్లెవెలుగు, సూపర్ లగ్జరీ, గరుడ... అన్నిటినీ అక్కడ తిప్పేస్తున్నారు. కేరళ కుర్రాళ్లయితే తమ టూరిస్టు బస్సులన్నిటినీ దింపేశారు.

'ఆటల్లో పడి చదువులు పాడవుతున్నాయి' అంటారా? ఆ సంగతి ఇంకో ఆదివారం చూద్దాం. ఇవాళ్టి ముచ్చట వేరు. ఒకరు చేసిన వస్తువును ఇంకొకరు మార్చుకునేటప్పుడు పాటించాల్సిన మర్యాద గురించి.

ఆ పల్లెవెలుగు వెనక ఎంతమంది ఉన్నారో లెక్కేయండి. ఆట కంపెనీది. అద్దాలు, సీట్లు, తలుపులతో సహా బస్సు ఆకారం ఎవరో రాత్రిళ్లు కూర్చుని కంప్యూటర్లో చెక్కింది. దాని మీద రంగులూ, 'బొబ్బిలి - పార్వతీపురం' బోర్డూ మరొకరి పని. హారన్ మోత ఇంకొకరిది కావచ్చు. వీళ్లలో చాలామంది ఊరికే ఇచ్చేవాళ్లే. వాళ్లకు మిగిలేదల్లా ఓ మూల చిన్న అక్షరాల్లో ఉండే పేరు. దాన్నే క్రెడిట్ అంటారు. మనవాడు చేసేదేమిటి? ఆ మూలను చెరిపేసి, తన పేరు అతికించి, 'నా కొత్త మోడ్' అంటూ నలుగురికీ పంచేస్తాడు!

ఇందులో పోయేదేముంది అనిపించవచ్చు. చాలా ఉంది. ఆట కొత్త వెర్షన్ రాగానే పాత మోడ్ ఒక్కోసారి పనిచెయ్యడం మానేస్తుంది. బాగుచెయ్యాల్సింది చేసినవాడే. పేరే లేకపోతే ఎవర్ని అడుగుతారు? మార్చినవాడు ఏదో చెడగొడితే తిట్లు మాత్రం అసలువాడికి. నాలుగుసార్లు ఇలా జరిగితే ఆయన విసిగిపోయి పంచుకోవడమే మానేస్తాడు. అప్పుడు అందరికీ నష్టమే.

నిజానికి మోడింగ్‌లో ఈ మర్యాద పాతదే. 1993లో 'డూమ్' ఆట చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్‌వాళ్లు, బయటివాళ్లు మార్చుకోవడానికి వీలుగా ఆటలోని దశలను విడి ఫైళ్లలో పెట్టారు. బదులుగా ఓ మాట అడిగారు. మీరు చేసినవి ఉచిత నమూనాలో నడవకూడదు, కొనుక్కున్న ఆటలోనే నడవాలి. అమ్మకమే వాళ్ల అన్నం మరి! 'హాఫ్-లైఫ్' మీద 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ కలిసి చేసిన మోడే 'కౌంటర్-స్ట్రైక్'. మరుసటి ఏడాదికల్లా హాఫ్-లైఫ్ కంపెనీ వాల్వే దాన్ని సొంత ఆటగా విడుదల చేసింది.

డబ్బు మధ్యలోకి వస్తే ఏమవుతుందో 2015 ఏప్రిల్‌లో తెలిసింది. 'స్కైరిమ్' ఆట మోడ్‌లను అమ్ముకోవచ్చని వాల్వ్, బెథెస్డా ప్రకటించాయి. చేసినవాడికి నూటికి 25. మిగతాది కంపెనీలకు. మొదట్లోనే పెట్టిన చేపలు పట్టే మోడ్‌లో మరొకరు ఉచితంగా ఇచ్చిన యానిమేషన్ వాడారని గొడవైంది. చేసినవాడే దాన్ని వెనక్కి తీసుకున్నాడు. నాలుగు రోజులు తిరిగేసరికి అమ్మకం పథకమే ఎత్తేశారు. అసలాయన పేరు వేసినంత మాత్రాన సరిపోదన్నమాట. ఊరికే ఇచ్చినదాన్ని అమ్మకానికి పెట్టాలంటే అడగాల్సిందే.

ఇదంతా బొబ్బిలికి కొత్త కాదు. పక్కనే గొల్లపల్లిలో పనస దుంగను ఒక్క ముక్కగా తొలిచి ఏకాండి వీణ చేస్తారు. 1999 నాటి చట్టం కింద బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వీణ ఎవరైనా చేసుకోవచ్చు. ఎక్కడో చేసి 'బొబ్బిలి వీణ' అని అమ్మితేనే పేచీ. అక్కడ పేరును చట్టం కాపాడుతోంది. ఊరికే పంచుకునే బస్సు బొమ్మ కోసం కోర్టుకెక్కేదెవరు? అక్కడ కాపాడేది తోటి ఆటగాళ్ల మర్యాద ఒక్కటే.

అన్నట్టు, 'మోడ్ ఏపీకే' అని కొందరు దించుకునేది ఈ కోవలోకి రాదు. డబ్బు కట్టాల్సినదాన్ని తాళం పగలగొట్టి ఇస్తున్నారంటే, లోపల ఇంకేం దూర్చారో మీకు తెలియదు. అమ్మానాన్నల బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లో ఎక్కించడం మరీ ప్రమాదం. నలుగురితో కలిసి ఆడేచోట గోడల్లోంచి చూసే మోడ్ పెట్టుకోవడం కూడా అంతే. దాన్ని మోసమనే అంటారు, మోడింగ్ అనరు.

మరి ఏం చెయ్యాలి? ఫైల్‌తోపాటు వచ్చే 'రీడ్‌మీ' చదవాలి. ఎవరూ చదవరు, అదే చిక్కు! 'వాడుకోండి, మార్చొద్దు' అని అందులో ఉంటే మార్చకూడదు. ఏమీ రాసి లేకపోతే అడగాలి. ఇండొనేసియాలో అన్నయ్యను 'బాంగ్' అంటారు. 'బాంగ్, మీ బస్సుకు మా ఊరి రంగు వేసుకోనా?' అంటే చాలు. సరేనంటే ఆయన పేరు పైన, మీ పేరు కింద. జవాబే రాకపోతే మీ ఫోన్‌లో మీరు నడుపుకోండి, బయట పంచకండి.